పాపికొండల్లో రెండు రకాతులు

మన ఇళ్లల్లో ఆడవాళ్లు సఫర్ చెయ్యరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బోలెడు చేస్తారు. ఖాలా కూతురి షాదీకి విజయవాడ, ఫూఫా చెహలుంకి తణుకు, కాన్పుకి మైకా, మొక్కు ఉంటే ఉర్సుకి దర్గా, జబ్బు చేస్తే గుంటూరు, అక్కడ తేలకపోతే హైదరాబాద్. నసీబ్ బాగుంటే ఉమ్రా. బ్యాగులు సర్దడంలో, రైల్లో పిల్లల్ని పడుకోబెట్టడంలో వాళ్లకున్న తజుర్బా మనకు లేదు. కాకపోతే ఆ సఫర్లన్నిటికీ ముందు ఒక పని నిలబడి ఉంటుంది. ఎవరూ పుట్టకుండా, ఎవరూ పోకుండా, ఎవరికీ నిఖా కాకుండా, ఊరికే చూసి రావడానికి మన అమ్మీలు ఎన్నిసార్లు గడప దాటారో లెక్క వెయ్యండి. మా అమ్మీ విషయంలో నాకు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

మహ్రమ్ లేకుండా ఆడవాళ్లు దూర సఫర్ చెయ్యకూడదన్న మాట మనలో పసిపిల్లలకి కూడా తెలుసు. మహ్రమ్ పక్కనే ఉన్నాడు కదా, ఇక సైర్‌కి తీసుకెళ్లండి అన్న బయాన్ మాత్రం నేను ఏ జల్సాలోనూ వినలేదు. నిజానికి 'సైర్' ఖుర్ఆన్ వాడిన మాటే. భూమ్మీద తిరిగి చూడమని అందులో ఒకటికి పదిసార్లు హుకుం ఉంది. మన నోళ్లలో పడి అది సైర్-సపాటా అయింది, పనీపాటా లేనివాళ్ల వ్యవహారంగా మారింది.

మా బేగంది తాడేపల్లిగూడెం, నాది ఏలూరు. నిఖా అయి ఇరవై ఒక్క ఏళ్లు. ఈ రెండూళ్లనీ కలిపేది రైలు, హైవే అనుకుంటారు గానీ, అసలు కలిపేది ఏలూరు కాలువ. ధవళేశ్వరం ఆనకట్టకి పడమటి కొసన, విజ్జేశ్వరం దగ్గర గోదావరి నీళ్లు పట్టుకుని, నిడదవోలు మీదుగా గూడేనికి, అక్కణ్నుంచి ఏలూరుకి వస్తుంది. కృష్ణ వైపు నుంచి వచ్చే కాలువ దానికి ఏలూరులోనే ఎదురవుతుంది. మిగిలిన మురుగూ వరదా కొల్లేట్లోకి దిగి, ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోతాయి. అంటే చిన్నప్పుడు ఆమె వుజూ చేసుకున్న నీళ్లూ, నేను చేసుకున్న నీళ్లూ ఒకటే. ఆమెకి కాస్త ముందు అందేవి, నాకు కాస్త తర్వాత. ఈ మాట నిఖా కొత్తలో చెబితే సిగ్గుపడి నవ్వింది. పోయినేడు చలికాలంలో చెబితే, "అయితే ఆ నీళ్లు పైన ఎక్కణ్నుంచి వస్తాయో చూపించండి" అంది.

ఫోన్‌లో ఎవరో పెట్టిన పాపికొండల వీడియో అప్పటికే నాలుగుసార్లు చూసి ఉంది. "ఇది ఏ రాష్ట్రం?" అని అడిగింది. మన జిల్లానే అంటే నమ్మలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఏలూరు జిల్లాకి ఒక చిత్రమైన ఆకారం వచ్చింది. కింది చివర కైకలూరు, కొల్లేరు. పై చివర పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు. సముద్రమట్టానికి కాస్త ఎత్తులో ఉండే సరస్సు నుంచి తూర్పు కనుమల దాకా ఒకే కలెక్టరు. ఆ కనుమల్ని గోదావరి అడ్డంగా కోసుకుని వచ్చిన గండి పాపికొండలు. గండికి రెండు వైపులా ఉన్న అడవికి 2008లో జాతీయ ఉద్యానవనం హోదా ఇచ్చారు. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో అడవిదున్నలున్నాయి, చిరుతలున్నాయి, పులి జాడలున్నాయి. ఏలూరు పవర్‌పేటలో కూర్చుని బియ్యం ఏరుకునే మనిషికి ఇవన్నీ తన జిల్లావేనని ఎవరు చెబుతారు?

వెళ్దామనుకున్నాక ఇంట్లో కచేరీ మొదలైంది. మా ఆపా ఫోన్ చేసి, "పిల్లల్ని వదిలేసి మీ ఇద్దరేనా? ఇప్పుడేం హనీమూన్?" అంది. పెద్దమ్మాయి ఇంటర్ రెండో ఏడు, చిన్నోడు తొమ్మిది. ఇద్దరూ ఇంట్లో మేము లేని రోజు కోసం ఎదురుచూసే వయసులోనే ఉన్నారు. ఆపా అంతటితో ఆగలేదు. "ఆ పడవలు మునుగుతాయట కదా?" అంది. ఈ ప్రశ్నకి నా దగ్గర హాస్యం లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. అందులో 77 మంది ఉన్నారు, ప్రాణాలతో బయటపడింది 26 మంది. ఆ రాత్రి డెస్క్‌లో కూర్చుని నేను ఆ అంకెల్ని ఎన్నిసార్లు మార్చి రాశానో! అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం ఆ పడవని పైకి లాగేదాకా మా పేజీల్లోంచి ఆ వార్త పోలేదు. ఆ తర్వాత రెండేళ్లు విహారం ఆపేశారు. 2021 నవంబర్లో మళ్లీ మొదలుపెట్టారు. ఇవన్నీ బేగంకి చెప్పాను. దాచి తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. ఆమె విని, "వరద కాలంలో కదా అది? ఇప్పుడు జనవరి" అంది. అంతే.

జనవరిలో ఒక శనివారం. నాలుగుంబావుకి ఏలూరులో బయల్దేరాం. మా గల్లీలో కారు నడిపే అబ్బాయిని మాట్లాడుకున్నాం. భీమడోలు, ఉంగుటూరు దాటి గూడెం చేరేసరికి ఫజర్ అజాన్ అవుతోంది. దారిలోనే సుసరాల్ ఉండటంలో ఉన్న సుఖం అది. మా సాసు లేచి, చాయ్ పెట్టి, కూతురి కుడి దండకి ఇమామ్ జామిన్ కట్టింది, పచ్చ గుడ్డలో అయిదు రూపాయల బిళ్ల. తబ్లీగ్‌లో తిరిగే మా చిన్న బావమరిది అది బిద్అత్ అని గొణిగాడు. "నీ అమ్మ చేతిది, కట్టించుకుంటే నీ ఈమాన్ ఏం తగ్గిపోదు. నీకు కాదుగా కడుతోంది?" అని మా సాసు నోరు మూయించింది. ఆ మసలా నేనిక్కడ తేల్చబోవడం లేదు. కట్టేటప్పుడు ఆవిడ చేతులు వణుకుతున్నాయని మాత్రం చూశాను. కూతురు షాదీకో మయ్యత్‌కో వెళ్తుంటే వణకని చేతులు, ఊరికే వెళ్తోందంటే వణికాయి.

నిడదవోలు, కొవ్వూరు. కొవ్వూరులో వంతెన ఎక్కేసరికి తెల్లారింది. 1974లో తెరిచిన రోడ్డు-రైలు వంతెన అది. కింద రైలు దారే దాదాపు 2.8 కిలోమీటర్లు. కారు పోతూనే ఉంది, నది అయిపోవడం లేదు. "ఇంత పెద్ద నది కొండల మధ్య ఎలా పడుతుంది?" అని అడిగింది బేగం. పొద్దున్నే ఇంత మంచి సవాల్ నన్ను ఏ రిపోర్టరూ అడగలేదు. చూస్తే గానీ అర్థం కాని జవాబు అది. అందుకే చెప్పలేదు.

రాజమండ్రి నుంచి సీతానగరం, పురుషోత్తపట్నం మీదుగా గండిపోచమ్మ. పూర్వం పడవలు పట్టిసీమ, పోలవరం నుంచి కూడా కదిలేవి. ఇప్పుడు నదికి అడ్డంగా పోలవరం కాఫర్ డ్యామ్ ఉంది కనుక, దానికి పైన, గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్నారు, మనుషుల్ని లెక్కపెట్టుకున్నారు, లైఫ్ జాకెట్ వేసుకుంటే గానీ కదలనివ్వలేదు. బురఖా మీద నారింజ రంగు జాకెట్. పట్టీలు బిగించబోతే, "నేను బిగించుకోగలను" అని తనే బిగించుకుంది. కష్తీ కదిలేటప్పుడు చదవాల్సిన దువా ఆమె పెదాల మీద ఆడింది. నూహ్ అలైహిస్సలాం చెప్పిన దువా. ఇన్నేళ్లుగా పిల్లలకి నేర్పుతూ వచ్చింది, వాడుకోవడం ఇదే మొదలు.

పడవలో ఇడ్లీ, ఉప్మా పెట్టారు. మధ్యాహ్నం భోజనం కూడా టికెట్లోనే. అయినా మా తోషా మాకుంది. పరాఠాలు, ఖాగీనా, నిమ్మకాయ అచార్. పక్క కుర్చీల్లో పాలకొల్లు కుటుంబం. వాళ్ల పెద్దావిడ మా డబ్బా వాసన పట్టి, "ఏంటమ్మా అది, గుడ్డు పొరటా?" అంది. పొరటే, పేరు మాత్రం పెద్దది. పరాఠా అటు వెళ్లింది, పూతరేకులు ఇటు వచ్చాయి. అందులో విశేషమేమీ లేదు, గోదావరి జిల్లాల్లో ఏ రైలు పెట్టెలో చూసినా జరిగేదే. కానీ ఈ మధ్య ఇలాంటిది కనిపించినప్పుడు ఎక్కువ గుర్తుపెట్టుకుంటున్నాను.

విశేషం తర్వాత జరిగింది. పడవ పైఅంతస్తులో మైకు పట్టుకున్న కుర్రాడు ఒకడుంటాడు. వరసగా సినిమా పాటలు వేసి, పిల్లల చేత డాన్సులు వేయించి, భార్యాభర్తల్ని లేపి ప్రశ్నలడుగుతాడు. మేడంకి ఇష్టమైన చీర రంగు ఏది, సారు ఇష్టంగా తినే కూర ఏది. తప్పు చెబితే అందరూ గోల. (నిశ్శబ్దంగా ఉండాల్సిన గండిలో ఆ స్పీకర్లు పెట్టినవాళ్లని ఏమనాలో నాకు తెలీదు. పక్షులు మాత్రం ఏదో ఒకటి అనే ఉంటాయి.) వరసలో ఒక్కో జంటనీ అడుగుతూ వచ్చాడు. పాలకొల్లు వాళ్లని అడిగాడు. మా దగ్గరికి వచ్చేసరికి చూపు మా మీంచి దాటించి, వెనక జంట దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు అలవాటే. దురుసుతనం కాదది, జాగ్రత్త. మనం ఏమనుకుంటామోనని వాళ్లే ముందు అనేసుకునే జాగ్రత్త. నేను నది వైపు తిరిగాను.

బేగం తిరగలేదు. కుర్రాడు టీ కప్పులతో ఇటు వచ్చినప్పుడు, "బాబూ, మమ్మల్ని అడగలేదేం?" అంది.

వాడు తడబడ్డాడు. "అంటే... మీరేమన్నా అనుకుంటారేమో అని, అమ్మా."

"అడిగితే కదా, అనుకుంటామో లేదో తెలిసేది?"

వాడు మైకు తెచ్చాడు. సారుకి ఇష్టమైన కూర ఏది అన్నాడు. "గోంగూర గోష్త్. కానీ పొద్దున లేస్తే డాక్టర్ వద్దన్నాడని నా మీద పెడతారు" అంది. పడవంతా నవ్వింది. నఖాబ్ వెనక నుంచి వచ్చిన ఆ గొంతు స్పీకర్లలో మోగి, ఎదుటి కొండకి తగిలి తిరిగి రావడం నేను విన్నాను. ఇరవై ఒక్క ఏళ్లలో ఆమె గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు.

దేవీపట్నం దగ్గర పడవలో సందడి దానంతటదే తగ్గింది. అది మండల కేంద్రం. కాఫర్ డ్యామ్ వెనక నీళ్లు నిలిచాక అక్కడ ఊరు ఉండటం మానేసింది. మొండి గోడలు, నీళ్లలోంచి పైకి లేచిన ఒక స్తంభం, ఎండిన కొబ్బరి చెట్ల మొదళ్లు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిన వరద ఈ గ్రామాల మీదుగానే కిందికి వచ్చింది. పోలవరం పూర్తిగా నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 దాకా నిలుపుతామంటున్నారు. లెక్క ప్రకారం ఖాళీ అయ్యేవి 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు. వాళ్లలో ఎక్కువమంది కొండరెడ్లు, కోయలు. ఈ అంకెలు కూడా నేను చాలాసార్లు టైప్ చేసినవే. టైప్ చేసేటప్పుడు వాటికి కిటికీలు ఉండవు. ఇక్కడ ఒక గోడకి కిటికీ ఉంది. నీళ్లు అందులోంచి లోపలికి వెళ్తున్నాయి.

ఖుర్ఆన్‌లో భూమ్మీద తిరిగి చూడమన్న ఆ హుకుంలు చాలాచోట్ల పాత ఖౌముల శిథిలాల గురించే. ఆద్, సమూద్. తప్పు చేసి పోయినవాళ్లు. ఈ ఊళ్లు ఏ గునాహ్ చేశాయని నాలో నేనే అడుక్కున్నాను. కింద ఆ నీళ్లు తాగేది మేము. కుడి కాలువ వెళ్లేది మా జిల్లా మీదుగానే. నేను డ్యాం వద్దనేవాణ్ని కాను. కొల్లేరు పక్కన పుట్టినవాడికి, నీళ్లు ఎక్కువైనా తక్కువైనా ఏం జరుగుతుందో తెలుసు. అయినా ఆ కిటికీ దగ్గర నా దగ్గరున్న దలీల్‌లు ఏవీ పనికి రాలేదు.

కచ్చులూరు దగ్గర పడవ సిబ్బందిలో పెద్దాయన వేలు చూపించి ఊరుకున్నాడు. మైకు ఆపేశారు. నది అక్కడ మెలిక తిరుగుతుంది, పైకి నిదానంగా ఉంటుంది, లోపల సుడి. బేగం నా చెయ్యి పట్టుకుంది. నలుగురిలో అలా పట్టుకునే మనిషి కాదు. నేను ఫాతిహా చదివాను. మునిగినవాళ్లలో ఎవరిది ఏ మజ్హబ్ అని ఆ క్షణాన నాకు తట్టలేదు, ఇప్పుడు కూడా అది సవాల్ అనిపించడం లేదు.

ఆ తర్వాత గండి. పొద్దున బేగం అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పు పరుచుకునే నది, ఇక్కడ వందల మీటర్లకి కుదించుకుని, వెడల్పులో పోయినదంతా లోతులో దాచుకుంటుంది. రెండు వైపులా కొండలు నీళ్లలోంచే నిటారుగా లేచాయి. ఇసుక తిన్నె లేదు, ఒడ్డు లేదు. చెట్టు మొదలు కూడా నీళ్లలోనే ఉన్నట్టుంది. ఒక కొండ అయిపోయి దారి మూసుకుపోయిందనుకుంటాం, పడవ తిరగ్గానే ఇంకోటి తెరుచుకుంటుంది. దగ్గర కొండ ఆకుపచ్చ, దాని వెనకది నీలం, ఆ వెనకది పొగ. పాపిడి కొండలే పాపికొండలయ్యాయని చెబుతారు. బేగం చూసి, "హాఁ, మాంగ్ లాగే ఉంది. దువ్వెన పెట్టి తీసిన మాంగ్" అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఫోన్ తీసింది, మళ్లీ బ్యాగులో పెట్టేసింది. పక్కావిడ ఫొటో తియ్యనా అంటే, "తర్వాత" అంది. ఆ తర్వాత రాలేదు. ఆ రోజు మా ఇద్దరి ఫొటో ఒక్కటే ఉంది, అది కూడా గండిపోచమ్మ దగ్గర టికెట్ల వరసలో డ్రైవర్ అబ్బాయి తీసింది.

మీరు వెళ్తే జంతువులు కనిపిస్తాయని ఆశ పెట్టుకోకండి. పడవ చప్పుడుకి ఏ అడవిదున్న ఒడ్డుకి రాదు. నీటికాకులు, కొంగలు, అంతే. పడమటి ఒడ్డు చూపించి, "అది వేలేరుపాడు మండలం, మన జిల్లా" అని చెప్పాను. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఎదుటి ఒడ్డు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. "ఇన్నేళ్లూ మన పక్కనే ఉందా ఇది?" అంది.

పేరంటాలపల్లిలో పడవ ఆపారు. కొండ మీంచి దిగే సెలయేరు, దాని పక్కన రామకృష్ణ మునివాటం. అందరూ ఆశ్రమం వైపు మెట్లెక్కారు. మేము సెలయేటి దగ్గర ఆగి వుజూ చేసుకున్నాం. నీళ్లు ఐసుముక్కలా ఉన్నాయి. జుహర్ వఖ్త్ అయింది. చెట్టు కింద జానమాజ్ పరిచి, ఎండ చూసుకుని, పడమరకి కాస్త ఉత్తరంగా నిలబడ్డాం. సఫర్‌లో ఉన్నాం కదా, ఖస్ర్. ఇంటి నుంచి 48 మైళ్లు దాటి వెళ్తే ముసాఫిర్. నాలుగు రకాతుల ఫర్జ్ రెండే.

సలాం తిప్పాక ఆమె అలాగే కూర్చుంది. కాసేపటికి, "నేను జిందగీలో ఖస్ర్ చదివిన రోజులు చెప్పనా?" అంది. వేళ్ల మీద లెక్కపెట్టింది. అమ్మాయి కడుపులో ఉండగా కాంప్లికేషన్ వస్తే హైదరాబాద్ హాస్పిటల్లో. విశాఖలో ఖాలా మయ్యత్‌కి. నెల్లూరులో మా మరిది షాదీకి. మళ్లీ హైదరాబాద్, ఈసారి మా అబ్బా ఆపరేషన్‌కి. "అయిదోది ఇది. మొదటి నాలుగింట్లో దువాలో ఏదో ఒకటి అడుక్కున్నాను. బిడ్డ దక్కాలని, ఖాలాకి మగ్ఫిరత్ అని, షాదీ సాఫీగా జరగాలని, మామయ్య లేచి తిరగాలని. ఇవాళ చేతులెత్తితే ఏం అడగాలో తోచలేదు."

ఏం అడిగావన్నాను.

"ఏమీ అడగలేదు. షుక్ర్ అని ఊరుకున్నా."

మొదట్లో రాసిన లెక్క నేను వేసుకున్నది ఈ మాట విన్నాకే.

సెలయేటి అవతల కొండరెడ్ల ఆడవాళ్లు వెదురు వస్తువులు పెట్టుకుని కూర్చున్నారు. బుట్టలు, పూలగుత్తులు, పెన్నుస్టాండ్లు, చిన్న పడవలు. బేగం ఒక తట్ట తీసుకుని అల్లిక తిప్పి చూసింది. వాళ్ల నానీ ఈత చాపలు అల్లేదట, అందుకని అల్లిక ఎక్కడ మొదలైందో వెతుకుతుంది. "ఎన్ని రోజులు పడుతుంది అక్కా?" అని మొదలుపెట్టి అరగంట కూర్చుంది. నేను విలేకరిని, ఎదుటి మనిషిని మాట్లాడించడం నా వృత్తి. అయినా ఆ అరగంట నేను నోరు విప్పలేదు, అవసరం రాలేదు. అమ్మే ఆవిడ చెప్పింది. వాళ్లకీ కాలనీలో ఇల్లు ఇస్తారట. మరిది వాళ్లు ముందే వెళ్లారట. "ఇల్లు గట్టిదే. నల్లా ఉంది. వెదురు లేదు, నది లేదు. పొద్దున్నే లేచి ఎటు వెళ్లాలో మా మరిదికి తోచట్లేదంట." మీరు కూడా వెళ్తారా అంటే, "నీళ్లు వస్తే ఉండమన్నా ఉండలేం కదమ్మా" అంది.

తట్ట నూటయాభై. బేగం బేరం ఆడలేదు. మార్కెట్లో కొత్తిమీర కట్టకి బేరమాడే మనిషి.

పడవ ఎక్కాక, దీన్ని మనవాళ్లు హిజ్రత్ అంటారేమో అన్నాను. నాకే నచ్చలేదు. హిజ్రత్‌లో ఒక నియ్యత్ ఉంటుంది, వెళ్లేచోట ఎదురొచ్చే అన్సార్లు ఉంటారు. బేగం కాసేపు ఆలోచించి, "రుఖ్సతీ అనండి. ఊరికి ఊరే రుఖ్సతీ. మాకైతే మైకా అక్కడే ఉంటుంది, పండక్కి వెళ్లి రావచ్చు. వీళ్ల మైకా నీళ్లల్లోకి పోతుంది" అంది. ఏలూరు వచ్చిన కొత్తలో గూడెం రైలు కూత వినిపిస్తే ఏడ్చేదాన్నని అప్పుడు చెప్పింది. నాకు చెప్పలేదేమని అడిగితే, "గంట దూరానికి ఏడుపేంటి అంటారని" అంది. గంట దూరమే. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆ గంట దూరం వెళ్లడానికి మా అబ్బా ఇజాజత్, అమ్మీ ఇజాజత్, నా సెలవు, మూడూ కుదరాలి.

తిరుగు ప్రయాణంలో అసర్ వఖ్త్ పడవలోనే వచ్చింది. ఒడ్డు చేరేదాకా ఆగితే వఖ్త్ మరీ దగ్గరపడుతుంది. హనఫీ ఫిఖహ్‌లో దీనికి మసలా ఉంది. కష్తీలో నమాజ్ ఖిబ్లా వైపు తిరిగి మొదలుపెట్టాలి, కష్తీ దిశ మారితే నమాజీ కూడా ఖిబ్లా వైపుకి తిరగాలి. తల తిరిగితే కూర్చుని చదవొచ్చు. మదరసాలో విన్నప్పుడు మాకెందుకు ఈ సముద్రాల మసలా అనుకునేవాణ్ని. జనవరి ఎండ నైరుతి వైపు దిగుతోంది. ఖిబ్లా సూర్యుడికి కాస్త కుడిపక్కన. పడవ మెలికలు తిరుగుతోంది. కింది అంతస్తులో, ఇంజన్ పక్కన, నాలుగు అడుగుల జాగాలో బేగం ముందు చదువుకుంది. నేను పక్కన నిలబడి కొండల్ని చూస్తూ, పడవ తిరిగినప్పుడల్లా జానమాజ్ అంచుని కాలితో కొద్దికొద్దిగా జరిపాను. ఆమె కూడా దాంతోపాటే మెల్లగా తిరిగింది. పాలకొల్లు పెద్దావిడ మనవడు మెట్ల మీద కూర్చుని ఇదంతా నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నేను చదువుతుంటే, వాణ్ని పక్కకి జరిపి ఆమె నిలబడింది. నాకు జానమాజ్ జరిపింది ఆమె.

పైన కుర్రాడు మళ్లీ పాట పెట్టబోతే ఎవరో వద్దన్నారు. ఎవరో తెలీదు.

గండిపోచమ్మ దగ్గర దిగి మగ్రిబ్ చదువుకుని కారెక్కాం. రాజమండ్రి వంతెన మీద ఆపా ఫోన్. "ఎలా ఉంది?" అంది. బేగం స్పీకర్ పెట్టి, "ఆపా, వచ్చేసారి మీరు రండి. భాయ్‌సాబ్‌ని ఇంట్లో పిల్లల దగ్గర వదిలేసి రండి" అంది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత మా ఆపా, యాభై ఆరేళ్ల మనిషి, ఏదో గుట్టు అడుగుతున్నట్టు గొంతు తగ్గించి, "టికెట్ ఎంత?" అంది. మనిషికి వెయ్యి రూపాయల పైన అంటే, "ఇషా తర్వాత మళ్లీ చేస్తా" అని పెట్టేసింది.

గూడెంలో ఆగి ఇమామ్ జామిన్ విప్పి, ఆ అయిదు రూపాయలూ ఖైరాత్‌కని డబ్బాలో వేశారు. మా సాసు కూతురి మొహం రెండు చేతుల్లో పట్టుకుని, మునిగి తేలివచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. ఆ తట్టలో ఆమెకి సగం పూతరేకులు మిగిల్చి, మళ్లీ బయల్దేరాం.

ఉంగుటూరు దాటాక నిద్రపోయిందనుకున్నాను. భీమడోలు దగ్గర, చేపల చెరువుల మీంచి చల్లగాలి వచ్చేచోట, కళ్లు మూసుకునే అడిగింది.

"ఆటపాకలో పెలికాన్ పక్షులు ఏ నెలదాకా ఉంటాయి?"

మార్చి దాకా ఉంటాయన్నాను.

"అక్కడ పడవ చిన్నదటగా. మైకు ఉండదు." ఒక్క క్షణం ఆగి, "మైల్ల లెక్క చూస్తే అక్కడ ఖస్ర్ రాదు. పూర్తి నాలుగు చదవాలి. పర్లేదు" అంది.